థర్మకోల్ ఫారాల గోడ: ఒకేసారి పోయాలా, రెండు విడతలా?

బోలు థర్మకోల్ దిమ్మెలు (ఫారాలు) పేర్చి, లోపల కడ్డీలు పెట్టి కాంక్రీటు పోస్తారు; దిమ్మెలు గోడలోనే ఉండిపోతాయి. మా మేస్త్రీ ఆ కాంక్రీటంతా ఒకేసారి పోసేద్దామంటాడు. కాంక్రీటు ఏకశిలలా ఉంటుంది, అతుకు ఉండదు, నీరు దిగే దారీ ఉండదు. నిజమే. కానీ ఇల్లంతా చుట్టుకుంటూ సుమారు 4 అడుగుల చొప్పున పొరలు పోయాలి. కింది పొర గట్టిపడకముందే పైది పడాలి. హైదరాబాద్ మే ఎండలో, ట్రాఫిక్‌లో రెండో మిక్సర్ లారీ ఇరుక్కుంటే? అదే టెన్షన్. తొందరపడి ఎక్కువ ఎత్తు పోస్తే ఫారం ఉబ్బుతుంది, పగిలినా పగులుతుంది.

రెండు విడతల్లో ఆ భయం తక్కువ. అయితే అతుకు ఎక్కడ పడితే అక్కడ కాదు, స్లాబ్ మట్టానికే పెట్టాలి. నిలువు కడ్డీలు పైకి వదలాలి: 12 ఎం.ఎం. కడ్డీకి దాని మందానికి 50 రెట్ల లెక్కన, పై విడత కడ్డీతో 600 ఎం.ఎం. మేర పక్కపక్కన కలిసి ఉండాలి. పైన తేలిన సిమెంటు పాలపొరను వైర్ బ్రష్‌తో గీకి, కంకర కనిపించేలా గరుకు చేసి, కడిగి, తడిపి పోయాలి. మనవాళ్లు ఎగ్గొట్టేది ఈ పనే. థర్మకోల్ లోపల తప్పు కంటికి కనబడదు మరి.

ఒక్క అంతస్తు ఇల్లయితే తెల్లవారుజామున మొదలుపెట్టి ఒకేసారి కానిస్తాను. రెండంతస్తులైతే అంతస్తుకో విడత.