వేధింపుల ఫిర్యాదు సర్వీస్: ఫోన్ లైన్ బాగుంది, యాప్‌తోనే ఇబ్బంది

ఆఫీసులో లైంగిక వేధింపుల ఫిర్యాదులు తీసుకోవడానికి మా యాజమాన్యం బయటి సంస్థ ఒకదాన్ని పెట్టింది. ఫోన్ చేయొచ్చు, యాప్‌లో రాయొచ్చు. విచారణ వివరాలు గోప్యంగా ఉంచాలి కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు. చెప్పాలా వద్దా అని రాత్రుళ్లు నిద్రపట్టకుండా ఆలోచిస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మా టీమ్ లీడ్ ఆరు నెలలుగా అర్ధరాత్రి మెసేజ్‌లు పెట్టేవాడు, లిఫ్ట్‌లో భుజం మీద చెయ్యి వేసేవాడు. ఫోన్ చేసిన రోజు నాకు మాట రాలేదు, ఏడ్చేశాను. అవతలావిడ తొందరపెట్టలేదు, 'ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నారు' అని అడగలేదు, నేను కాస్త కుదుటపడ్డాక 'మీకు ఏం జరిగితే బాగుంటుంది?' అన్నారు. అప్పటిదాకా నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు. ఇదంత పెద్ద విషయం కాదేమో అన్నాను. అప్పుడు ఆవిడ ఒక సంగతి చెప్పారు. పనిచోట హింస, వేధింపుల గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో ఆమోదించిన 190వ ఒప్పందంలో ఒక్కసారి జరిగినా వేధింపే కావచ్చని ఉందట, పనికి సంబంధించిన మెసేజ్‌లు, ప్రయాణాలు, ఆఫీసు వేడుకలు కూడా దాని కిందికి వస్తాయట, ట్రైనీలకీ ఉద్యోగానికి అప్లై చేసినవాళ్లకీ కూడా వర్తిస్తుందట. ఆ తర్వాత నేనే చదివి చూసుకున్నాను, నిజమే.

ఆ రాత్రే కూర్చుని తేదీ, టైము, చోటు, అతను ఏమన్నాడో అదే మాటల్లో, పక్కన ఎవరున్నారో అన్నీ రాసిపెట్టుకోమన్నారు. మెసేజ్‌లు చెరిపేయొద్దన్నారు. విచారణలో అతను 'సరదాగా అన్నాను' అన్నప్పుడు నన్ను ఆదుకున్నది ఆ కాగితాలే.

ఇక యాప్. అందులో 'పేరు చెప్పకుండా ఫిర్యాదు చేయండి' అని పెద్ద బటన్ ఉంది, నేను దాన్ని నమ్మి నొక్కాను. ఐదుగురే ఉన్న టీమ్‌లో ఆ మెసేజ్‌లు ఎవరికి పెట్టాడో అతనికి తెలియదా? విచారణ జరగాలంటే ఆరోపణ ఏమిటో అతనికి చెప్పక తప్పదు, అది నాకూ అర్థమైంది, కానీ ఆ మాట బటన్ నొక్కకముందే చెప్పాలి కదా! ఆ తర్వాత 19 రోజులు 'పరిశీలనలో ఉంది' అన్న ఒక్క ముక్క తప్ప ఏమీ లేదు. రోజూ అతని ఎదురుగా కూర్చుని పని చేస్తూ ఆ ముక్కనే చూసుకోవడం ఎంత టెన్షనో చెప్పలేను.

ఈలోగా నా 'సౌకర్యం' కోసమని నన్నే వేరే టీమ్‌కి మార్చాలని సిఫార్సు చేశారు. నన్ను అడగనే లేదు. మళ్లీ ఫోన్ లైన్‌కే చేశాను, ఫిర్యాదు చేసిన మనిషిని ఇష్టం లేకుండా కదిలించడం కక్ష సాధింపు కిందికి రావచ్చని ఆవిడే చెప్పి రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టించారు. రెండు రోజుల్లో నన్ను కదపకుండా అతన్నే మార్చారు.

ఫోన్ లైన్‌కి ఐదు స్టార్లు, యాప్‌కి ఒకటి. అవసరం పడితే నేరుగా ఫోన్ చేయండి. ఫిర్యాదు పంపేముందే నా పేరు ఎవరెవరికి తెలుస్తుంది, ఎన్ని రోజుల్లో జవాబిస్తారు, అప్పటిదాకా నేను ఎవరితో మాట్లాడాలి అని అడిగి, జవాబు మెయిల్‌లో తెప్పించుకోండి.