విజయవాడ–గుంటూరు మధ్య పరిశోధన చదువు: ఏ క్యాంపస్ మేలు?

మే నెల వచ్చిందంటే బెంజ్ సర్కిల్ నుంచి గుంటూరు దాకా హైవే పొడుగునా యూనివర్సిటీల హోర్డింగులే. ఒకప్పుడు వాటి మీద ర్యాంకులు, ప్యాకేజీలు ఉండేవి. ఇప్పుడు వాటి పక్కన ‘రీసెర్చ్’ కూడా వచ్చి చేరింది. పరిశోధనకు పెద్దపీట, విద్యార్థే కేంద్రం, విదేశీ యూనివర్సిటీలతో ఒప్పందాలు... ఏ బోర్డు చూసినా ఇదే వరస. గుంటూరులో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పే ఉద్యోగం నాది కాబట్టి ఫలితాలు రాగానే ఫోన్లు తప్పవు. ‘‘అందరూ రీసెర్చ్ అంటున్నారు, ఏది మేలంటారు సార్?’’ అని ఒకరు అడుగుతారు. ‘‘మా అమ్మాయికి రీసెర్చ్ ఎందుకండీ, ఉద్యోగం వస్తే చాలు’’ అని ఇంకొకరు. రెండో ఆయన మాటను నేను కొట్టిపారెయ్యను. అప్పు చేసి చదివించే ఇంట్లో అది సబబైన లెక్కే.

ముందు ఒక చిక్కు సంగతి. పరిశోధన, విద్యార్థి కేంద్రం అనే రెండు మాటలు బోర్డు మీద పక్కపక్కనే ఉంటాయి గానీ, ప్రొఫెసర్ టైమ్‌టేబుల్ దగ్గరికొస్తే ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. కేంద్ర ప్రభుత్వం ఏటా ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్‌లో నూటికి 30 మార్కులు బోధనకు, వనరులకు. మరో 30 పరిశోధనకు. పేపర్లు పడితే యూనివర్సిటీకి ర్యాంకు, మాస్టారికి ప్రమోషన్. ఫస్టియర్ కుర్రాడి డౌటు తీరిస్తే ఏ ఖాతాలోనూ పడదు. 2024లో సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ బ్రాంచికి ఇన్నే సీట్లన్న పరిమితి ఎత్తేశాక, బాగా నడిచే కాలేజీలకు సీఎస్‌ఈ సెక్షన్లు పెంచుకునే వీలు దొరికింది. సెక్షన్లు పెరిగేకొద్దీ ఒక్కో పిల్లాడికి దక్కే సారు తగ్గిపోతాడు. అందుకని ఎన్ని పేపర్లు వేశారన్నది నేను ఆఖర్న చూస్తాను. బీటెక్ మూడో ఏడో, డిగ్రీ రెండో ఏడో చదివే పిల్ల ఆ ల్యాబులో చెయ్యి పెట్టగలదా అన్నది మొదట చూస్తాను.

అది తెలుసుకోవడానికి బ్రోషర్ పనికిరాదు, లాగ్ బుక్ పనికొస్తుంది. ఎక్స్‌ఆర్‌డీ, ఎఫ్‌టీఐఆర్ లాంటి, పదార్థాన్ని పరీక్షించే ఖరీదైన పరికరం పక్కన సాధారణంగా ఒక రిజిస్టర్ ఉంటుంది. తేదీ, వాడినవాళ్ల పేరు, డిపార్ట్‌మెంట్, ఏ శాంపిల్, ఎంతసేపు, సంతకం. క్యాంపస్ చూడటానికి వెళ్లినప్పుడు ‘‘ఒక్కసారి చూడొచ్చా అండీ’’ అని మర్యాదగా అడిగి చివరి రెండు పేజీలు తిప్పండి. అన్నీ పీహెచ్‌డీ స్కాలర్ల పేర్లే ఉంటే, ఆ మెషీన్ మీ అమ్మాయికి నాలుగేళ్లూ అద్దంలోంచి చూసే వస్తువే. ఆఖరి సంతకం ఆరు నెలల కిందటిదైతే, అది ఇన్‌స్పెక్షన్ కోసం కొన్నదని అర్థం. మధ్య మధ్యలో బీటెక్, ఎమ్మెస్సీ పిల్లల రోల్ నంబర్లు కనిపించాయా, ఇక ఆ డిపార్ట్‌మెంట్ గురించి నన్ను అడగక్కర్లేదు. రిజిస్టరే లేదంటే ఏమనుకోవాలో మీకే వదిలేస్తున్నాను.

ఇక ఎంపికలు. ఆచార్య నాగార్జున యూనివర్సిటీతో మొదలుపెడతాను, ఎందుకంటే హోర్డింగు లేనిది అదొక్కటే. 1967లో నల్లపాడులో ఆంధ్ర యూనివర్సిటీ పీజీ సెంటర్‌గా పుట్టి, 1976లో సొంత యూనివర్సిటీ అయింది. నంబూరు దగ్గర హైవే పక్కనే ఉంటుంది, రెండు ఊళ్ల నుంచీ బస్సు దొరుకుతుంది. ఎమ్మెస్సీ, ఎంఏ ఫీజు ప్రైవేటుతో పోలిస్తే లెక్కలోకి రాదు. పీజీకి ఏపీ పీజీసెట్, పీహెచ్‌డీకి ఏపీఆర్‌సెట్ ఉన్నాయి. జువాలజీతో పాటు ఆక్వాకల్చర్ చెప్పే డిపార్ట్‌మెంట్ ఉంది, చేపల చెరువులు, రొయ్యల చెరువులు అంత దూరంలో పెట్టుకున్న జిల్లాలకు ఇది చిన్న విషయం కాదు. ఇబ్బంది ఏమిటంటే రాష్ట్ర యూనివర్సిటీలన్నిటికీ ఉన్న జబ్బే: రిటైరైన ప్రొఫెసర్ల స్థానంలో కొత్తవాళ్లను వేయడం ఏళ్ల తరబడి నానుతూ వచ్చింది. మంచి గైడు దొరికితే బంగారం, దొరక్కపోతే ఖాళీ కుర్చీ. అందుకే ఇక్కడ యూనివర్సిటీని ఎంచుకోకూడదు, మనిషిని ఎంచుకోవాలి. దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లు పెట్టే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో ఆ గైడు పేరు కొట్టి చూస్తే ఆయన దగ్గర వచ్చిన థీసిస్‌లు కనిపిస్తాయి. టైటిళ్లు చదివినా చాలు. ఒకే పని ఊరి పేరు మార్చి మళ్లీ మళ్లీ చేయించారా, ఏటికేడు కొత్త ప్రశ్న వేశారా అన్నది పట్టుబడుతుంది.

అమరావతి వైపు 2017లో మొదలైనవి నీరుకొండ ఎస్‌ఆర్‌ఎం, ఐనవోలు విట్. ఇవి పుట్టుకతోనే పరిశోధన పేరు చెప్పుకున్నవి. బయటి దేశాల్లో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన) చేసి తిరిగొచ్చిన యువ అధ్యాపకులు ఇలాంటి చోట్ల ఎక్కువగా కనిపిస్తారు. వాళ్లకు ఇంకా ఉత్సాహం చావలేదు, పేరు తెచ్చుకోవాలన్న ఆకలి ఉంది, డిగ్రీ స్థాయి పిల్లల్ని ప్రాజెక్టులోకి లాగే అలవాటూ ఉంది. నిజంగా కుతూహలం ఉన్న పిల్లకు ఇది మంచి చోటే. కాకపోతే అలాంటి సారు ఐఐటీలోనో ఎన్‌ఐటీలోనో పోస్టు దొరగ్గానే వెళ్లిపోవచ్చు కూడా. మూడో ఏడాదిలో మొదలుపెట్టిన ప్రాజెక్టుకు నాలుగో ఏడాదిలో గైడు లేకపోవడం ఇలాంటి చోట్ల అరుదేమీ కాదు. ఫీజు సంగతి మీకు తెలిసిందే, లక్షల్లో. ప్రైవేటు యూనివర్సిటీల్లో 35 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో ఈఏపీసెట్ ర్యాంకుతో నింపే ఏర్పాటు వచ్చాక మధ్యతరగతికి కాస్త తలుపు తెరుచుకుంది. రీయింబర్స్‌మెంట్ ఎంతవరకు వర్తిస్తుందో మాత్రం ఆ ఏటి జీవో చూసుకున్నాకే ఆప్షన్లు పెట్టండి.

వడ్డేశ్వరంలోని కేఎల్, వడ్లమూడిలోని విజ్ఞాన్ డీమ్డ్ హోదా ఉన్నవి, వీటికంటే వయసులో పెద్దవి. కేఎల్ కాలేజీగా మొదలైంది 1980లో. సీనియర్ల నెట్‌వర్కు, ప్లేస్‌మెంట్ సెల్ అలవాటుపడి ఉంటాయి. పిల్లల సంఖ్యా ఎక్కువే కాబట్టి లాగ్ బుక్ పరీక్ష వీటికి ఇంకా అవసరం.

ఊళ్లోని అటానమస్ ఇంజనీరింగ్ కాలేజీలను ‘‘రీసెర్చ్ లేదు కదా’’ అని పక్కన పెట్టేసేవాళ్లు చాలామంది. నేను పెట్టను. కన్వీనర్ సీటొస్తే ఫీజు భారం తక్కువ, రోజూ ఇంటి అన్నం తిని వెళ్లొచ్చు, మిగిలిన డబ్బు పీజీకి దాచుకోవచ్చు. వాటిలో అసలు లోపం వేరే ఉంది: ఫైనలియర్ ప్రాజెక్టు. రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్మే సెంటర్లు మన రెండు ఊళ్లలోనూ ఉన్నాయి, సీడీతో పాటు వైవాలో ఏం చెప్పాలో కూడా నేర్పి పంపుతాయి. అక్కడ కొనుక్కునేవాడికి ఎక్కడ చదివినా ఒకటే. కొనుక్కోని పిల్లకు మాత్రం సైన్స్ అకాడమీలు మూడూ కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్ ఉంది. సెలక్టయితే వేసవిలో రెండు నెలలు దేశంలోని పెద్ద ల్యాబులో పని చేయొచ్చు, స్టైపెండ్ కూడా ఇస్తారు. దరఖాస్తులు వేసవికి చాలా ముందే, చలికాలంలోనే ముగిసిపోతాయి. మన పిల్లలు మార్చిలో నిద్రలేచి అడుగుతారు.

బైపీసీ పిల్లల తల్లిదండ్రులు ఎంబీబీఎస్ రాకపోతే లోకం ఆగిపోయిందనుకుంటారు గానీ, ఈ చుట్టుపక్కల నిజంగా పరిశోధన చేసి పేరు తెచ్చుకున్నది గుంటూరు పక్కనున్న వ్యవసాయ పరిశోధన కేంద్రం, లాం ఫారం. ఎన్జీ రంగా వ్యవసాయ యూనివర్సిటీ అక్కడి నుంచే నడుస్తోంది. దాని కింద ఉన్న బాపట్ల కాలేజీ 1945 నాటిది. ఎల్‌బీజీ అని మొదలయ్యే మినుము రకాలు, ఎల్‌సీఏ అని మొదలయ్యే మిర్చి రకాలు లాంలో పుట్టినవే. 2021లో మిర్చి పూతలో నల్ల తామర పురుగు దూరి తోటలకు తోటలు రాలగొట్టినప్పుడు రైతు మొదట పురుగుమందుల షాపుకే పరిగెత్తాడు, ఎన్ని మందులు కొట్టినా అది లొంగలేదు. శాస్త్రవేత్తలు పొలాల్లోకి దిగి పురుగును గుర్తుపట్టి, నీలిరంగు జిగురు అట్టలు కట్టండి, విచ్చలవిడిగా మందులు కలిపి కొట్టకండి అని చెప్పాల్సి వచ్చింది. పరిశోధన అంటే ఏమిటని పిల్లలు అడిగితే నేను చెప్పే ఉదాహరణ ఇదే. ఏజీ బీఎస్సీలో సీటు దొరికితే సందేహం లేకుండా చేరమంటాను.

యూనివర్సిటీతో చేతులు కలపాలనుకునే వ్యాపారులకు, పరిశ్రమలవాళ్లకు లెక్క వేరు. మిర్చి ఎగుమతిదారుకు అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల వచ్చే విషం), పురుగుమందుల అవశేషాల రిపోర్టు కావాలంటే యూనివర్సిటీ మెట్లెక్కి ప్రయోజనం లేదు, స్పైసెస్ బోర్డు ల్యాబు గుంటూరులోనే ఉంది. సీజన్ పొడుగునా పొలంలో ట్రయల్ వేయాల్సిన పనైతే లాం. కాయ రంగును కెమెరాతో వేరుచేసే మెషీను, కోల్డ్ స్టోరేజీలో తేమ కొలిచే సెన్సరు లాంటివైతే ఇంజనీరింగ్ ఉన్న ప్రైవేటు యూనివర్సిటీలు చురుగ్గా కదులుతాయి. ఒక స్కాలరు మూడు నాలుగేళ్లు ఒకే సమస్య పట్టుకుని కూర్చోవాలంటే నాగార్జునే నయం.

వీళ్లకు ఎవరూ ముందుగా చెప్పని తిరకాసు ఒకటి ఉంది. గుంటూరు మార్కెట్ యార్డులో మిర్చి రాక జోరుగా ఉండేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. పిల్లలకు అప్పుడు మిడ్ పరీక్షలు, సెమిస్టర్ పరీక్షలు. మే వచ్చి పిల్లలు ఖాళీ అయ్యేసరికి యార్డుకు వేసవి సెలవులు. శాంపిల్ ఉన్నప్పుడు మనిషి ఉండడు, మనిషి ఉన్నప్పుడు శాంపిల్ ఉండదు. ఒప్పందం (ఎంఓయూ) రాసుకునే రోజు శాలువాలు కప్పుకుని ఫొటో దిగే ముందు ఈ క్యాలెండరు మీద మాట్లాడుకోండి. దాంతోపాటు పేటెంటు వస్తే ఎవరిది అన్నది కూడా కాగితం మీద పెట్టించండి.

డబ్బు గురించి ఇంకొంచెం. పరిశోధన అంటే ముప్పయ్యేళ్లు వచ్చినా అమ్మానాన్నల మీద ఆధారపడటమే అన్న భయం మన ఇళ్లలో ఉంది. నెట్ పరీక్ష రాసి తెచ్చుకునే పరిశోధన ఫెలోషిప్, జేఆర్‌ఎఫ్ వస్తే 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. మన ఊళ్లో చాలా ప్రైవేటు కాలేజీల లెక్చరర్లు ఈ అంకె చూసి నిట్టూరుస్తారు, నేనూ నిట్టూర్చాను. ఫెలోషిప్ లేకుండా, సొంత డబ్బుతో ప్రైవేటులో పీహెచ్‌డీకి చేరడం మాత్రం నేను సలహా ఇవ్వను. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి గైడుగా ఉండకూడదు. చేరే ముందు ఆయన దగ్గర ఇప్పటికే ఎంతమంది ఉన్నారో అడగడం మీ హక్కు. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం తెచ్చుకుంటే ఎమ్మెస్సీ లేకుండానే పీహెచ్‌డీకి అర్హత ఉంటుందన్నది కూడా ఆ నిబంధనల్లోనే ఉంది, మన డిగ్రీ కాలేజీల్లో చాలామందికి ఇంకా చేరలేదు.

కాబట్టి నా లెక్క ఇలా ఉంటుంది. ఏది చదవాలో ఇంకా తేలని పిల్లకు ఊళ్లోని అటానమస్ కాలేజీలో కన్వీనర్ సీటు చాలు, మిగతాది పీజీలో చూసుకోవచ్చు. ఇంటర్‌లోనే ‘‘ఇది ఎందుకిలా?’’ అని వెంటపడి అడిగే పిల్లకు స్కాలర్‌షిప్ దొరికితే అమరావతి వైపు. దొరక్కపోతే అప్పు చేసి మాత్రం వద్దు; మంచి డిగ్రీ కాలేజీ, తర్వాత నెట్, ఆ తర్వాత ఇష్టమైన గైడు. ప్యాకేజీ కోసమే చేరేవాళ్లు రీసెర్చ్ ర్యాంకు చూసి సీటు ఎంచుకోకండి. ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు ఇచ్చిన డేటాను కాలేజీలు తమ వెబ్‌సైట్లలో పెడతాయి. ప్లేస్ అయినవాళ్లు ఎందరు, వాళ్ల మధ్యస్థ జీతం (వరసలో సరిగ్గా మధ్యనున్నవాడిది) ఎంత, పైచదువులకు వెళ్లినవాళ్లు ఎందరు అన్నవి పక్కపక్క గడుల్లో ఉంటాయి. బోర్డు మీది ఒక్క పెద్ద ప్యాకేజీ కంటే ఆ మధ్యస్థం నిజానికి దగ్గర.

అమ్మాయిల తల్లిదండ్రులు ఇంకొకటి అడగాలి. ల్యాబు రాత్రి పది దాకా తెరిచే ఉంటుందని గర్వంగా చెబుతారు. అమ్మాయిల హాస్టల్ గేటు ఎన్నింటికి వేస్తారో కూడా అడగండి. గేటు ఏడింటికే పడితే ఆ ల్యాబు సగం క్లాసుకే తెరిచి ఉన్నట్టు. ప్రయోగం మధ్యలో ఆపి రావడం కుదరనప్పుడు గైడు ఉత్తరంతో లేటు పర్మిషన్ ఇస్తారా, ల్యాబు నుంచి హాస్టల్‌కు బండి ఉంటుందా అన్నది వార్డెన్‌నే అడిగి తెలుసుకోవాలి, అడ్మిషన్ కౌంటర్‌లో వాళ్లకు తెలియదు.

ఇవన్నీ చూడటానికి ఓపెన్ హౌస్ రోజున వెళ్లకండి. ఆరోజు పూలకుండీలు, ఏసీలు, నవ్వులు అన్నీ సిద్ధంగా ఉంటాయి. ఏదో ఒక బుధవారం, మధ్యాహ్నం మూడు దాటాక, ముందు చెప్పకుండా వెళ్లండి.