ఎంఎస్ తరువాత: బోధనాసుపత్రి యూనిట్టా, పొగతోట నర్సింగ్ హోమా?

ఎంఎస్ జనరల్ సర్జరీ పూర్తిచేసిన యువ వైద్యుడికి నెల్లూరులో రెండు దారులు కనిపిస్తాయి: 2014లో మొదలైన ఏసీఎస్ఆర్ ప్రభుత్వ వైద్య కళాశాల వంటి చోట, బోధనాసుపత్రి సర్జరీ యూనిట్‌లో సీనియర్ రెసిడెంటుగా (పీజీ ముగించి, పనిచేస్తూనే నేర్చుకునే వైద్యుడిగా) చేరడం, లేదా ప్రైవేటు ఆసుపత్రుల పేట అయిన పొగతోటలో పేరున్న సర్జన్ దగ్గర సహాయకుడిగా కుదురుకోవడం.

పొగతోటలో గురువు ఒక్కరే కాబట్టి ఆయన పనితనాన్ని రోజూ దగ్గరగా చూడవచ్చు. రోగి బంధువులతో ఖర్చు మాట ఎలా ఎత్తాలో, ఏ కేసును ఆలస్యం చేయకుండా చెన్నైకి పంపాలో కూడా అక్కడే తెలుస్తుంది. అయితే రోగి ఆయన పేరు చూసి వస్తాడు గనుక కత్తి మన చేతికి రావడానికి చాలాకాలం పడుతుంది.

బోధనాసుపత్రిలో, అమెరికాలో 1889లో తెరుచుకున్న జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో సర్జన్ విలియం హాల్‌స్టెడ్ నెలకొల్పిన పద్ధతి ప్రకారం, బాధ్యత మెట్టుమెట్టుగా చేతికి వస్తుంది. లాపరోస్కోపీలో పిత్తాశయం తీస్తూ క్లిప్ వేయబోతుంటే ప్రొఫెసరు మానిటర్ మీద వేలుపెట్టి, “పిత్తాశయంలోకి వెళ్తున్నవి నాళమూ ధమనీ రెండేనని ముందు చూపించు, తరువాత వెయ్యి” అంటారు. అదే రాత్రి అపెండిక్స్ కేసులో, ముడి జారుతున్న పీజీ వేళ్లను సరిచేయవలసినవాడు ఈ రెసిడెంటే. నేర్చుకుంటూనే నేర్పడం, మరణాల సమీక్షలో తన నిర్ణయానికి తానే జవాబు చెప్పడం నర్సింగ్ హోములో అరుదు.

జీతం సంగతి పక్కన పెడితే, మొదటి రెండేళ్లకు నేను యూనిట్‌నే ఎంచుకుంటాను. పొగతోట గురువు ఆ తరువాతే ఎక్కువ ఉపయోగపడతారు.