తిరుమల యాత్రలో బస: కొండ మీదా, కొండ కిందా ఏళ్ల తరబడి ఉండి చూసిన అనుభవం

తిరుమలకు బయలుదేరే కుటుంబాలు సాధారణంగా ముందు గది కోసం వెతుకుతాయి, గది దొరికిన తరువాత దర్శనం సంగతి చూస్తాయి. చాలా ఏళ్లుగా ఒకసారి అమ్మానాన్నలతో, ఒకసారి పిల్లలతో, అప్పుడప్పుడు ఒంటరిగా వెళ్తూ దేవస్థానం గదుల్లోనూ, ఉచిత హాళ్లలోనూ, మఠాల్లోనూ, తిరుపతిలోని ప్రైవేటు లాడ్జీల్లోనూ ఉండి చూసిన మీదట, ఈ వరుసను తిరగవేయాలన్నది నాకు స్థిరపడిన అభిప్రాయం. దర్శనం ఏ రోజు, ఏ గంటకు అన్నది ముందు తేలాలి. ఆ గంటకు వెనక్కి లెక్కపెట్టుకుంటూ వస్తే, కొండ మీద ఉండాలా, కింద తిరుపతిలో ఉండాలా, అసలు గది తీసుకోవాలా, లాకరు ఉంటే సరిపోతుందా అన్న ప్రశ్నలకు జవాబులు వాటంతట అవే వస్తాయి. ఎవరితో వెళ్తున్నామన్నది దాని తరువాతి లెక్క.

దూరం గురించి మొదట చెప్పాలి, ఎందుకంటే కొత్తగా వచ్చేవారు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే. గదులు బుక్ చేసే యాప్‌లలో కొన్ని తిరుపతి లాడ్జీలకు ‘శ్రీవారి ఆలయానికి ఇన్ని కిలోమీటర్లు’ అని పటం మీద గీత గీసినట్టు కొలిచిన దూరాన్ని చూపిస్తాయి. నిజానికి అలిపిరి నుంచి పైకి వెళ్లే ఘాట్ రోడ్డే సుమారు 18 కిలోమీటర్లు. మామూలు రోజుల్లో బస్సుకు అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. దానికి ముందు అలిపిరి తనిఖీ కేంద్రంలో దిగి సామాన్లు స్కానింగులో పెట్టాలి, వారాంతాల్లో అక్కడే చాలాసేపు ఆగిపోతాము. కాబట్టి తిరుపతిలో ఏ లాడ్జీ అయినా గుడికి ‘దగ్గర’ కాదు, అలిపిరికి దగ్గరా, దూరమా అన్నదే అడగవలసిన ప్రశ్న. కపిలతీర్థం రోడ్డులో దిగినవారికి అలిపిరి చేరువ. రైల్వే స్టేషను, బస్టాండు చుట్టుపక్కల దిగినవారికి కాస్త దూరమైనా, కొండకు వెళ్లే బస్సు పక్కనే దొరుకుతుంది, రాత్రి రైలు దిగినా భోజనానికి వెతుక్కోనక్కరలేదు. 2023లో శ్రీనివాస సేతు పైవంతెన పూర్తిగా అందుబాటులోకి వచ్చిన తరువాత ఊరు దాటడం నిజంగానే తేలికైంది, అందువల్ల రేణిగుంట రోడ్డు వైపు ఉన్న హోటళ్లను దూరమని పక్కన పెట్టవలసిన పని ఇప్పుడు లేదు.

కొండ మీద రాత్రి బస తప్పనిసరి అయ్యేది ముఖ్యంగా తెల్లవారుజామున సేవ ఉన్నవారికి. సుప్రభాతం, తోమాల, అర్చన వంటి సేవలకు టికెట్ దొరికితే, ఘాట్ రోడ్డును రాత్రి కొన్ని గంటలు మూసి ఉంచుతారు కనుక కింద పడుకుని సమయానికి పైకి చేరగలమన్న నమ్మకం పెట్టుకోకూడదు. ముందురోజు సాయంత్రానికే పైకి చేరి గది తీసుకోవాలి. అదే 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం మధ్యాహ్నమో సాయంత్రమో ఉంటే, లేదా 65 ఏళ్లు దాటిన పెద్దలకు ఇచ్చే మధ్యాహ్నపు దర్శనం ఉంటే, తిరుపతిలో రాత్రి నిద్రపోయి, పొద్దున నిదానంగా కొండెక్కి, దర్శనం చేసుకుని, అన్నప్రసాదం స్వీకరించి రాత్రికి దిగిపోవచ్చు. మా అమ్మ మోకాళ్ల నొప్పులు మొదలైనప్పటి నుంచి మేము ఈ రెండో పద్ధతినే పాటిస్తున్నాము, గది కోసం నిలబడే వరుస ఆమెకు పూర్తిగా తప్పింది.

ఇక కొండ మీది దేవస్థానం గదుల సంగతి. ముందుగా బుక్ చేసుకునేవారికి మూడు నెలల ముందు కోటా నెల చివరి వారంలో దేవస్థానం వెబ్‌సైటులో విడుదలవుతుంది, దర్శనం టికెట్ల కోటా కూడా ఆ దగ్గరి రోజుల్లోనే వస్తుంది. దర్శనం టికెట్ చేతికి వచ్చిన తరువాతే గది బుక్ చేయాలని నా సలహా. టికెట్ లేకుండా గది ఒక్కటి దొరికితే, సర్వదర్శనం క్యూలో ఎంతసేపు ఉంటామో తెలియదు గనుక, డబ్బు కట్టిన గదిలో మన సామాను తప్ప మనం ఉండము. ముందస్తు బుకింగ్ లేనివారికి సెంట్రల్ రిసెప్షన్ ఆఫీసు ఉంది, అందరూ సీఆర్‌ఓ అనే పిలుస్తారు. అక్కడ ఆధార్‌తో పేరు నమోదు చేసుకుంటే వంతు వచ్చినప్పుడు ఫోనుకు సందేశం వస్తుంది. 2023 మార్చి నుంచి గది ఇచ్చేటప్పుడూ, ఖాళీ చేసేటప్పుడూ ముఖాన్ని గుర్తించే పరికరంతో సరిచూస్తున్నారు. గది తీసుకున్న వ్యక్తే తిరిగి హాజరు కావాలి కనుక, ఇంట్లో ఎవరు చివరిదాకా కొండ మీద ఉంటారో వారి పేరు మీదే గది తీసుకోవడం మంచిది. ఈ పద్ధతి వచ్చాక దళారుల సందడి తగ్గడం నేను కళ్లారా చూశాను, దానికి దేవస్థానాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. ఒంటరిగా వచ్చినవారికి మాత్రం గది ఇవ్వరు. వారికి ఉచిత హాళ్లే ఆధారం.

గదుల నాణ్యత విషయానికి వస్తే, 50 రూపాయలకూ, 100 రూపాయలకూ ఇచ్చే గదుల్లో పడుకోవడానికి చోటు, స్నానాల గది, తలుపుకు తాళం ఉంటాయి, అంతకు మించి ఏమీ ఆశించకూడదు. ఇంత రద్దీ ఉన్న క్షేత్రంలో, ఇంత తక్కువ అద్దెకు, ఒక కుటుంబం తలుపు వేసుకుని స్నానం చేసి తడి బట్టలు ఆరేసుకోగలగడం చాలా పెద్ద సౌకర్యమని నేను ఇప్పటికీ అనుకుంటాను. శుభ్రత మాత్రం ఒక్కో బ్లాకులో ఒక్కో రకంగా ఉంటుంది. తాళం చెవి తీసుకోగానే కుళాయిలో నీరు వస్తోందా, గడియ సరిగా పడుతోందా, వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయి అని చూసుకుని, లోపం ఉంటే సామాను విప్పకముందే అక్కడి ఉప విచారణ కార్యాలయంలో చెప్పాలి. అలా చెప్పిన ప్రతిసారీ మరమ్మతుకు మనిషి వచ్చాడు, ఒకసారి గదినే మార్చి ఇచ్చారు. కిటికీ తెరిచి ఉంచి బయటికి వెళ్లకూడదు, కోతులు లోపలికి దూరి పండ్ల సంచులు పట్టుకుపోతాయి. చలికాలంలో వెళ్లేవారు దుప్పట్లు తమవే తెచ్చుకోవాలి. సముద్రమట్టానికి ఎనిమిది వందల మీటర్లకు పైన ఉన్న కొండ కనుక డిసెంబరు, జనవరి రాత్రుల్లో పిల్లలు వణికిపోతారు.

గుడికి దగ్గరగా ఉండాలనుకునేవారికి రాంబగీచా అతిథి గృహాలు ఎంతో అనుకూలం, గుడి నుంచి పెద్దవాళ్లు సైతం నడిచి రాగలరు. శంఖుమిట్ట కాటేజీలు క్యూ కాంప్లెక్సు వైపు వెళ్లేవారికి బాగుంటాయి. జీఎన్‌సీ, హెచ్‌వీసీ, ఏఎన్‌సీ వైపు కాటేజీలు వస్తే దూరమని నిరాశపడనక్కరలేదు. అక్కడ చెట్లు, నిశ్శబ్దం ఎక్కువ, ఉచితంగా తిరిగే ధర్మరథం బస్సులు గుడి దగ్గరకు చేరుస్తాయి. అయితే దర్శనం ముగించుకుని చెప్పులు లేని కాళ్లతో అర్ధరాత్రి వచ్చే వృద్ధులకు ఆ దూరం భారమే. నందకం, కౌస్తుభం వంటి పెద్ద భవనాల్లో గదులు మెరుగ్గా ఉంటాయి, అద్దె కూడా తగినట్టే ఎక్కువ. సిఫార్సు ఉత్తరాలతో దొరికే ఖరీదైన గదుల కోసం ఊరంతా తిరగడం నాకు ఎన్నడూ అవసరం అనిపించలేదు, కొండ మీద మనం గదిలో గడిపేది కొద్ది గంటలే.

యాత్రికుల వసతి సముదాయాలను, అంటే పీఏసీలను, మధ్యతరగతి కుటుంబాలు ఎందుకో చిన్నచూపు చూస్తాయి. నా దృష్టిలో ఒంటరి ప్రయాణికులకూ, స్నేహితుల బృందాలకూ, పగటి దర్శనం చేసుకుని వెళ్లిపోయేవారికీ వీటిని మించినది లేదు. రుసుము ఉండదు. లాకరు ఇస్తారు, మన తాళం మనం తెచ్చుకుంటే నిశ్చింతగా ఉండవచ్చు. హాల్లో చాప పరుచుకుని పడుకోవచ్చు, స్నానాల గదులు ఉంటాయి, తలనీలాలు ఇచ్చే కల్యాణకట్ట, అన్నప్రసాదం కూడా దూరం కావు. రాత్రంతా మనుషుల రాకపోకలు, లైట్లు, పిల్లల ఏడుపులు ఉంటాయి కనుక నిద్ర తేలికగా పట్టనివారికీ, చంటిపిల్లల తల్లులకూ వీటిని నేను సూచించను. పండుగ రోజుల్లో స్నానాల గదుల దగ్గర తెల్లవారుజామున పెద్ద వరుస ఉంటుంది. ఆ వేళను తప్పించి పడుకునే ముందే స్నానం ముగించడం నా అలవాటు.

మఠాల గురించి క్లుప్తంగానే చెబుతాను. కొండ మీద ప్రైవేటు హోటళ్లలో బస లేదు కానీ, పలు మఠాలకూ, సమాజాల సత్రాలకూ, కర్ణాటక ప్రభుత్వానికీ సొంత వసతి గృహాలు ఉన్నాయి. ముందుగా ఫోను చేసి అడిగితే ఖాళీలను బట్టి గది ఇస్తారు. కొన్నిచోట్ల అద్దె దేవస్థానం కన్నా ఎక్కువే, అయితే పరిశుభ్రత నాకు ప్రతిసారీ తృప్తినిచ్చింది, భోజనం కూడా సాత్వికంగా ఉంటుంది. తలుపులు మూసే వేళ, వస్త్రధారణ, భోజన సమయాల విషయంలో ఎక్కడి నియమాలు అక్కడ ఉంటాయి, అవి తెలుసుకుని ఒప్పుకున్నవారే వెళ్లాలి.

తిరుపతిలోని దేవస్థానం వసతి గృహాలే నేను ఎక్కువగా వాడినవి, ఎక్కువగా ఇష్టపడేవి. బస్టాండుకు ఎదురుగా శ్రీనివాసం, దాని దగ్గరే మాధవం, రైల్వే స్టేషను ఎదుట విష్ణు నివాసం, స్టేషను వెనుక గోవిందరాజస్వామి సత్రాలు ఉన్నాయి. ఏసీ గది కావాలనుకునేవారికి మాధవం బాగుంటుంది. రైలులో వచ్చి రైలులో వెళ్లేవారికి విష్ణు నివాసం అంత అనువైనది మరొకటి లేదు, సామానుతో రోడ్డు దాటితే చాలు. శ్రీనివాసం, విష్ణు నివాసం, అలిపిరి దగ్గరి భూదేవి కాంప్లెక్సులలో సర్వదర్శనం టైమ్ స్లాట్ టోకెన్లు ఇస్తారు కనుక, ముందస్తు టికెట్ లేకుండా వచ్చేవారు ఈ పరిసరాల్లో దిగితే తెల్లవారకముందే వరుసలో చేరగలరు. దీనికి మరో వైపు కూడా ఉంది. టోకెన్ల రద్దీ ఉన్న రోజుల్లో ఆ ప్రాంగణాలు కిక్కిరిసి, లోపలికీ బయటికీ వెళ్లడం కష్టమవుతుంది. 2025 జనవరి 8న వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం తిరుపతిలో జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు భక్తులు ప్రాణాలు కోల్పోయారు. ఆ బాధ ఇంకా మనసులో ఉంది. వైకుంఠ ఏకాదశికి టికెట్ ఖాయం కాకుండా పెద్దలనూ, పిల్లలనూ తీసుకుని ఎవరూ బయలుదేరవద్దని నా బంధువులందరికీ చెబుతున్నాను. బ్రహ్మోత్సవాలు, రథసప్తమి, తమిళుల పెరటాసి శనివారాల్లో కూడా కొండ మీద గది దొరుకుతుందన్న ఆశతో వెళ్లకపోవడమే మంచిది.

గోవిందరాజస్వామి సత్రాలు పాతవి, గదులు సాదాగా ఉంటాయి. అయినా సాయంత్రం నడుచుకుంటూ వెళ్లి గోవిందరాజస్వామిని దర్శించుకుని రాగలగడం వాటికున్న గొప్ప సౌలభ్యం. మా నాన్న కొండ ఎక్కలేని స్థితికి వచ్చిన తరువాత రెండు పూటలా ఆ గుడికి వెళ్లి, మర్నాడు తిరుచానూరు అమ్మవారిని చూసి ఎంతో తృప్తిపడేవారు. అలాంటి పెద్దలు ఇంట్లో ఉన్నవారు ఈ సత్రాలను తప్పక పరిశీలించాలి.

ప్రైవేటు లాడ్జీని ఎంచుకునేవారు అద్దె కన్నా ముందు అడగవలసినది ఖాళీ చేసే సమయం. మధ్యాహ్నం 12 గంటలకు ఖాళీ చేయమనే చోట ఉదయం దర్శనానికి వెళ్లినవారు సామాను ఎక్కడ పెట్టాలో తెలియక తొందరపడతారు. దిగిన గంట నుంచి 24 గంటలు లెక్కకట్టే లాడ్జీలు తిరుపతిలో చాలా ఉన్నాయి, యాత్రికులకు సరిపడేవి అవే. ఒక లాడ్జీలో ఫోనులో 24 గంటలని చెప్పి, దిగాక పగటి లెక్క వేసి రెండో రోజు అద్దె కూడా అడిగారు. అప్పటి నుంచి ఆ మాటను రాతపూర్వకంగా, కనీసం సందేశంలోనైనా తెప్పించుకుంటున్నాను. లిఫ్టు, జనరేటరు ఉన్నాయా, కారు నిలిపే చోటు లోపలా వీధిలోనా అన్నవి కూడా ముందే అడగాలి. వారాంతాల్లో అద్దెలు పెరుగుతాయి, మంగళ, బుధవారాల్లో వెళ్లగలిగినవారికి అదే గది తక్కువకు దొరుకుతుంది.

నడక మార్గంలో వెళ్లేవారికి బస లెక్క వేరుగా ఉంటుంది. అలిపిరి మార్గంలో సుమారు 3,550 మెట్లు, శ్రీనివాసమంగాపురం వైపు నుంచి ఎక్కే శ్రీవారి మెట్టు మార్గంలో దాదాపు 2,400 మెట్లు ఉన్నాయి. అలిపిరిలో సామాను అప్పగిస్తే దేవస్థానమే ఉచితంగా పైకి చేరుస్తుంది కనుక, తిరుపతి గది ఖాళీ చేసి సామానుతో బయలుదేరవచ్చు. శ్రీవారి మెట్టు దగ్గర సొంత కారు నిలిపి ఎక్కితే, బస్సులో తిరుపతికి దిగిన తరువాత కారు కోసం మళ్లీ అక్కడికి వెళ్లాలి. తిరుపతిలో గది ఉన్నవారు కారును లాడ్జీలోనే ఉంచి ఆటోలో వెళ్లడం మేలు. 2023 ఆగస్టులో అలిపిరి మార్గంలో చిరుత దాడిలో ఒక చిన్నారి చనిపోయిన తరువాత పిల్లలను మధ్యాహ్నం దాటాక నడకమార్గంలోకి అనుమతించకుండా నియమాలు పెట్టారు. అందుచేత పిల్లలతో నడవాలనుకునేవారు ముందురోజు రాత్రి అలిపిరికి దగ్గరలోనే దిగి, వెలుగు రాగానే బయలుదేరాలి.

బుకింగ్ ఎక్కడ చేస్తున్నామో ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. దేవస్థానం పేరును పోలిన నకిలీ వెబ్‌సైట్లు పుట్టుకొస్తూనే ఉన్నాయి. అధికారిక చిరునామా చివర ‘ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’ అని ఉంటుంది. ఫోనులో డబ్బు పంపమని, గది ఖాయం చేస్తామని చెప్పేవారిని నమ్మవద్దు.

ఖాళీ చేసేటప్పుడు తాళం చెవి సిబ్బందిలో ఎవరికో ఇచ్చి వెళ్లిపోకుండా, గది తీసుకున్నవారే ఉప విచారణ కార్యాలయానికి వెళ్లి, ఖాళీ చేసినట్టు నమోదైందో లేదో చూసుకుని, వచ్చిన సందేశాన్ని దాచుకోవాలి. ముందు కట్టిన కాషన్ డిపాజిట్ తిరిగి అదే ఖాతాకు కొద్ది రోజుల్లో జమ అవుతుంది. నాకు ఆలస్యమైన సందర్భాల్లో ఆ సందేశం చూపిస్తే సరిపోయింది. దర్శనం అయిపోయి, బస్సుకు ఇంకా సమయం ఉంటే, గదిని పట్టుకుని కూర్చోకుండా వెంటనే అప్పగించి సామానును పీఏసీ లాకరులో పెట్టుకోవచ్చు. ఆ గది అప్పటికప్పుడే సీఆర్‌ఓ దగ్గర పిల్లలతో ఎదురుచూస్తున్న మరో కుటుంబానికి వెళ్తుంది.