ట్రోమ్సో – లాంగ్‌యియర్‌బీన్: గంటా నలభై నిమిషాల దూరంలో ఆగిపోయిన మా బావమరిది

నార్వే ఉత్తరాన ఉన్న ట్రోమ్సో విమానాశ్రయం నుంచి స్వాల్‌బార్డ్ దీవుల్లోని లాంగ్‌యియర్‌బీన్ విమానాశ్రయానికి దూరం దాదాపు 950 కిలోమీటర్లు, విమానంలో కూర్చునేది గంటా నలభై నిమిషాలు. దీన్ని చూసి దేశం లోపలి చిన్న ప్రయాణమే కదా అనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను, ఎందుకంటే మా ముగ్గురిలో ఒకరు ఆ విమానం ఎక్కలేకపోయారు.

స్వాల్‌బార్డ్ నార్వే పాలనలోనిదే అయినా, ఒకే వీసాతో తిరగగల ఐరోపా దేశాల ప్రాంతమైన షెంగెన్ పరిధిలో లేదు. 1920 నాటి ఒప్పందం కారణంగా ఆ దీవుల్లో ఉండడానికి ఎవరినీ వీసా అడగరు. హైదరాబాదులోని ఏజెంటు ఈ సగం నిజాన్ని పట్టుకుని, "అక్కడికి వీసాయే అక్కర్లేదు సార్, సింగిల్ ఎంట్రీ చాలు" అని నమ్మబలికి, రూ. 9,500 రుసుము తీసుకుని మా బావమరిదికి వీసా చేయించాడు. పుణెలో ఉండే నేనూ నా భార్యా స్వయంగా దరఖాస్తు చేసుకున్నాం కనుక రెండు ఎంట్రీలు, అంటే రెండుసార్లు ప్రవేశించే వీలు, అడిగాం. మిగతా సగం నిజం ట్రోమ్సోలో పాస్‌పోర్టు తనిఖీ దగ్గర తెలిసింది. ఆ గడప దాటితే షెంగెన్ వదిలి వెళ్ళినట్టే, తిరిగి దిగితే అది రెండో ప్రవేశమే. వీసా మీద 01 అని ఉన్నవారికి ఆ రెండో ప్రవేశం లేదని, అధికారి విసుక్కోకుండా రెండుసార్లు విడమరచి చెప్పాడు. అతని మీద నాకే ఫిర్యాదూ లేదు.

"బావగారూ, మీరూ అక్కా వెళ్ళిరండి, నేనిక్కడే ఉంటాను" అన్నాడు మా బావమరిది. ఏడాదిగా ఆ దీవుల పటాలు ముందేసుకుని కూర్చున్నది అతనే. రానుపోను టికెట్టు 2,890 క్రోన్లు, అంటే ఆ వారం మారకంలో సుమారు రూ. 23,000, పోయింది. ట్రోమ్సోలో మూడు రాత్రుల గదికి మరో 3,450 క్రోన్లు అయ్యాయి. విమానంలో నా భార్య కిటికీ వైపు తిరిగి కూర్చుంది, దారి పొడుగునా మాట్లాడలేదు.

ట్రోమ్సోలో బస గుమ్మం దాటింది ఉదయం తొమ్మిదికి, లాంగ్‌యియర్‌బీన్‌లో గది చేరింది మధ్యాహ్నం రెండున్నరకు. లెక్క వేసుకోవలసింది ఈ అయిదున్నర గంటలనే. గుమ్మంలోనే చెప్పులు విప్పాలనే గనికార్మికుల కాలం నాటి ఆచారం ఆ ఊళ్ళో ఇంకా ఉంది, మాకది మన ఇంట్లో అడుగుపెట్టినట్టే అనిపించింది. బస శుభ్రంగా ఉంది, భోజనం ఖరీదు.

విమానాశ్రయానికి ఎగువన, కొండలోంచి పొడుచుకు వచ్చిన ప్రపంచ విత్తన భాండాగారపు ద్వారం దగ్గరికి టాక్సీలో వెళ్ళాం. 2008లో తెరిచిన ఆ గిడ్డంగిలోకి సందర్శకులను అనుమతించరు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పంపిన జొన్న, సజ్జ, కంది విత్తనాలు కూడా ఆ గడ్డకట్టిన కొండలో భద్రంగా ఉన్నాయి. సంగారెడ్డి జిల్లాలో కంది పండించే కుటుంబంలో పుట్టిన మా బావమరిది చూడాలనుకున్నది ఈ తలుపునే. నా భార్య వీడియో కాల్ చేసి దాన్ని చూపించింది. అతను చాలాసేపు చూసి, "ఇంకొంచెం దగ్గరగా చూపించక్కా" అన్నాడు.

ఇటు రాదలచినవారు టికెట్టు కొనకముందే వీసా కాగితం మీద ఎంట్రీల గడిలో 02 గానీ, మల్టిపుల్ అని గానీ ఉందేమో తమ కళ్ళతో చూసుకోవాలి. మా ఏజెంటు తిరిగి ఇచ్చింది రూ. 4,000 మాత్రమే.