తొమ్మిదో పేజీలో ఎనిమిది చిలకలు

2021లో బళ్లు మూతబడి ఉన్న రోజుల్లో మొదలైంది మా ఇంట్లో ఈ బొమ్మల పుస్తకాల పిచ్చి. అప్పుడు మా పెద్దదానికి మూడేళ్లు. ఇప్పుడది రెండో తరగతి, చిన్నోడికి నాలుగు నడుస్తున్నాయి. అంటే ఇద్దరు పిల్లల చేతుల్లో, నాలుగేళ్ల పాటు, అట్టలు ఊడి టేపులు పడిందాకా వాడి చెప్తున్న మాటలివి. లెక్కలకని కొన్నవీ, లెక్కలకు పనికొస్తాయని తర్వాత తెలిసినవీ కలిపి అరలో ముప్పై పైనే ఉంటాయి. గట్టిగా పనికొచ్చినవి ఎనిమిదో తొమ్మిదో.

మొట్టమొదటిది నెల్లూరు ట్రంకు రోడ్డులో, స్కూలు బ్యాగులమ్మే కొట్లో కొన్నా. మందపాటి అట్ట పేజీలు. ఎడమ పక్క పేజీ నిండా అంకె, కుడి పక్క అన్ని బొమ్మలు. ఒక సూర్యుడు, రెండు చేపలు, మూడు మామిడికాయలు, ఇట్లా పది దాకా. వారం తిరక్కముందే మా పాప పదీ అప్పజెప్పేసింది. మా అత్త మురిసిపోయి వీధంతా చెప్పుకొచ్చింది. నాకూ గర్వంగానే ఉండింది, ఒక పొద్దున ప్లేట్లో నాలుగు ఇడ్లీలు పెట్టి "ఎన్నుండాయి?" అని అడిగిందాకా. వేలు పెట్టి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కబెట్టింది. "సరే, అయితే ఎన్ని?" అన్నా. మళ్లీ ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇంకోసారి అడిగితే ఇంకోసారి అదే పాట. ఎన్ని అంటే "లెక్కబెట్టు" అని దాని అర్థం. చివరన చెప్పిన నాలుగు, నాలుగో ఇడ్లీ ఒక్కదానిదే కాదనీ, ప్లేట్లో ఉన్నవాటన్నిటి లెక్కా అదేననీ దానికింకా పడలేదు. పుస్తకం దానికి నేర్పింది ఒక పద్యం, అంతే. ఇడ్లీలు చల్లారిపోయాయి.

ఆ పుస్తకాన్ని అటక మీదికి ఎక్కించా. ఏడాదిన్నర తర్వాత బూజు దులుపుతుంటే కిందికి దిగింది. అప్పటికి పాపకు నాలుగున్నర. తిరగేస్తా తిరగేస్తా తొమ్మిది దగ్గర ఆగింది. "అమ్మా, ఇందులో తొమ్మిది చిలకల్లేవు" అంది. సరిగ్గా చూడు అన్నా. మూడుసార్లు లెక్కబెట్టింది, ఒకసారి కింద నుంచి పైకి కూడా. నేనూ లెక్కబెట్టా. ఎనిమిదే. అచ్చు వేసినవాళ్లు ఒక చిలకను మింగేశారు. కోపం నాకు వాళ్ల మీద కంటే నా మీదే ఎక్కువ వచ్చింది. ఆ పేజీ నేను వందసార్లన్నా చదివి వినిపించి ఉంటా, ఒక్కసారీ లెక్కబెట్టలేదు. నేను కూడా అప్పజెప్తున్నానన్న మాట. పాప ఆకుపచ్చ స్కెచ్‌పెన్ను తెచ్చి మూలన తొమ్మిదోది గీసింది. చిలకలా ఉండదది, తోక ఉన్న బెండకాయలా ఉంటుంది. చిన్నోడు ఇప్పటికీ ఆ పేజీ తీసి "బెండకాయ చిలక యాడుంది?" అని దాంతోనే లెక్క మొదలుపెడతాడు. దుడ్లు దండగ అనుకున్న పుస్తకం అట్లా ఆ ఒక్క తప్పుతో ఇప్పటికీ పనిచేస్తోంది.

అప్పట్నుంచి నేను పుస్తకం కొనేటప్పుడు చూసేది ఒకటే. బొమ్మలో పిల్లలు తగువు పెట్టుకోవడానికి ఏమన్నా ఉందా? అంకె పెద్దగా అచ్చేసి, పక్కన అన్ని బొమ్మలూ వరసగా పేర్చి, కింద "లెక్కపెట్టండి" అని రాస్తే ఇంక తగువేముంది? జవాబు ముందే చెప్పేశారాయె. అదే ఒక బస్సు కథ ఉంటుంది, ప్రతి స్టాపులో కొందరు ఎక్కుతారు, కొందరు దిగుతారు. ఎంతమంది మిగిలారో కథలో యాడా చెప్పడు. ఒకరి తల కిటికీలో సగమే కనిపిస్తుంది, ఇంకొకరి చెయ్యి ఒక్కటే. ఆ చెయ్యిని లెక్కలో వెయ్యాలా వద్దా అని మా ఇంట్లో రెండు రాత్రులు పంచాయితీ నడిచింది. కూడికా తీసివేతా ఆ పంచాయితీలోనే జరిగిపోయాయి, ఆ పేర్లు నేను ఎత్తనే లేదు.

దొరికే చోట్ల సంగతి. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో పెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు పుస్తకాలు ఊరికే చదువుకోవచ్చు, దించుకోవచ్చు. చదివే స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా పెట్టారు, మూడు నాలుగేళ్ల వాళ్లకు మొదటి మెట్టు చాలు. ఓపెన్ లైసెన్సు కాబట్టి రాసినవాళ్ల పేరూ బొమ్మలేసినవాళ్ల పేరూ తీసెయ్యకుండా అచ్చు తీసుకున్నా ఇబ్బంది లేదు. ఎవరైనా తర్జుమా చేసి పెట్టొచ్చు గనక తెలుగు మాత్రం ఒక్కో పుస్తకంలో ఒక్కో తీరు. కొన్ని నోట్లో పెట్టుకుంటే కరిగిపోతాయి, కొన్ని చదువుతుంటే కోర్టు నోటీసు చదివినట్టుంటుంది. ముందు ఒకసారి మీరు పైకి చదువుకుని, నాలుక తిరిగితేనే పిల్లల ముందు పెట్టండి. ఇంకో మాట, జిరాక్సు కొట్లో రంగుల ప్రింటు పేజీకి పది రూపాయలు తీసుకున్నాడు. పదహారు పేజీలకు అదే 160, అచ్చు పుస్తకమే దానికంటే చవగ్గా వస్తుంది. నేను ఒక్కో కాగితం మీద రెండేసి పేజీలు వేయించి, మధ్యకు కుట్టుకున్నా. ఫోన్లో చదివించే ప్రయత్నం కూడా చేశా. వేలు పెట్టి లెక్కబెడుతుంటే పేజీ జరిగిపోతుంది, చిన్నోడికి ఏడుపొస్తుంది. వదిలేశాం.

చెన్నైలో తూలికా అనే ప్రచురణ సంస్థ వాళ్ల రెండు భాషల పుస్తకాలు మా ఇంటికి బాగా కుదిరాయి. ఒకే పేజీలో తెలుగూ ఇంగ్లీషూ ఉంటాయి, జేజి, అంటే మా అత్త, ఒకటి చదువుతుంది, పాప ఇంకోటి. సికింద్రాబాదులో "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ వాళ్లవి జనవరిలో విజయవాడ పుస్తకాల పండక్కి పోయినప్పుడు పట్టుకొచ్చా. సన్నగా, చవగ్గా ఉంటాయి. చినిగినా ప్రాణం ఉసూరుమనదు.

ఇప్పుడు భాష దగ్గర వచ్చే తంటా. తెలుగులో మనుషుల్ని ఒక రకంగా, మిగతావాటిని ఒక రకంగా లెక్కబెడతాం గదా. రెండు కాకులు, ఇద్దరు పిల్లలు. బొమ్మల పుస్తకాల్లో జంతువులు చొక్కాలు తొడుక్కుని మాట్లాడతాయి. ఒక కథలో ఐదు ఎలుకలు గొడుగులు పట్టుకుని సంతకు పోతాయి. "ఐదు ఎలుకలు" అని చదివా. చిన్నోడు ఒప్పుకోలేదు.

"ఐదుగురు."

"ఎలుకల్ని అట్లా అనకూడదు నాయనా."

"చొక్కాలేసుకోనుండాయి గదా!"

దీనికి నా దగ్గర జవాబు లేదు. మా అత్త మాత్రం నవ్వాపుకోలేక, "ముగ్గురు మేకలు, నలుగురు కోళ్లు" అని వాణ్ణి రెండు రోజులు ఏడిపించింది. ఏడుగురి దాకా బండి నడుస్తుంది, ఆ పైన ఎనిమిది మంది అని "మంది"లోకి దిగిపోతాం. ఎనమండుగురు అనేది మా ఇంట్లో ఇప్పుడు ఆమె ఒక్కతే. ఇంగ్లీషు నుంచి వచ్చిన పుస్తకాల్లో ఈ తేడా ఉండదు కాబట్టి, మనుషులున్న పేజీనీ వస్తువులున్న పేజీనీ పక్కపక్కన పెట్టి నేనే అడుగుతుంటా.

తెలుగు అంకెల్లో ఉన్న సుఖం కూడా చెప్పాలి. పాప యూకేజీలో ఉన్నప్పుడు "సెవెంటీన్" రాయమంటే 71 రాసుకొచ్చింది. టీచరు ఎర్ర ఇంకుతో కొట్టేసి, 1 నుంచి 100 దాకా ఐదుసార్లు రాయించమని డైరీలో పెట్టింది. నేను దాన్ని కూచోబెట్టి, ఎందుకట్లా రాశావే అంటే, "ముందు సెవెన్ అన్నారు గదా" అంది. దాని తప్పేముంది? ఇంగ్లీషులో పదమూడు నుంచి పంతొమ్మిది దాకా ఒకట్లే ముందు వినిపిస్తాయి. మనకు పదిహేడు అంటే పది ముందు, ఏడు తర్వాత, రాసే వరసలోనే పలుకుతాం. ఇరవై దాటితే ఇంకా తేట. ముప్పై ఏడు అంటే ముప్పై, ఏడు. కాబట్టి రెండు భాషల పుస్తకమైనా సరే, పది దాటిన పేజీలు మా ఇంట్లో ముందు తెలుగులోనే. ఐదుసార్లు రాయించలేదు. ఆ మాట టీచరుకు చెప్పలేదు కూడా.

అయితే పది దాటిన పేజీలు దొరకడమే కష్టం. నా అరలో ముక్కాలు మూడొంతులు పదితో ఆగిపోతాయి. సున్నా ఉన్నవి రెండే. అందులో ఒకదాంట్లో ఖాళీ గూడు బొమ్మ. పాప దాన్ని చాలాసేపు చూసి, "ఏమీ లేదు గదా, దేన్ని లెక్కబెట్టాలి?" అంది. ఒకసారి నేలపట్టు పక్షుల కేంద్రానికి పోయాం, ఇప్పుడది తిరుపతి జిల్లా కిందికి పోయిందిగానీ మాకు ఇంకా మనదే అనిపిస్తుంది. నీళ్లలో చెట్ల నిండా గూడబాతులు. ఎన్ని అంటే "చానా" అంది. పుస్తకం నేర్పింది పదే మరి. ఒక్క చెట్టు మీద లెక్కబెట్టి, అట్లాంటి చెట్లు ఎన్నో చూద్దామని వాళ్ల నాన్న అక్కడ మొదలుపెట్టిందే దానికి గుణకారం.

నేను బీఈడీలో, పిల్లల ఆలోచనల మీద పరిశోధన చేసిన పియాజే మీద పది మార్కుల ప్రశ్న కంఠతా పట్టి రాశా. ఒకే లెక్క వస్తువుల్ని దూరదూరంగా పేరిస్తే చిన్నపిల్లలు ఎక్కువ అనుకుంటారు, ఆరేడేళ్లకు గానీ ఆ భ్రమ పోదు అని. రాశానేగానీ నమ్మలేదు. ఒక పుస్తకంలో కరెంటు తీగ మీద ఆరు కాకులు ఒకదాన్నొకటి రాసుకుని కూచునుంటాయి, తర్వాతి పేజీలో అవే ఆరు ఎడంగా జరుగుతాయి. చిన్నోణ్ణి అడిగితే రెండో పేజీలోనే ఎక్కువ కాకులన్నాడు. రెండు పేజీల్లోనూ ఆరు లెక్కబెట్టాడు. అయినా రెండో దాంట్లోనే ఎక్కువట. చింతగింజలు పరిచి చూపించా. గింజల్లోనూ అంతే. వాదించి లాభం లేదని అర్థమైంది. నెలకోసారి ఆ పేజీ తీస్తా, వాడు అదే చెప్తాడు, మూసేస్తా.

బొమ్మ చెయ్యలేని పనులూ ఉన్నాయి. కొలతల పుస్తకాలు ఏవీ నాకు నచ్చలేదు. పొడుగు గ్లాసులో ఎక్కువ పడతాయా, వెడల్పు గిన్నెలోనా అని కాగితం మీద అడిగితే పిల్లలు ఊహించి ఏదో ఒకటి అంటారు. అత్తగారి ఊరు కోవూరు పక్క. అక్కడ సోలా, తవ్వా, మానికా ఇంకా బియ్యం డబ్బాలోనే ఉన్నాయి. పుస్తకం పక్కన పడేసి పాప ఆ మధ్యాహ్నమంతా బియ్యం పోసింది. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. "అయితే మానికకు నాలుగు సోలలు, పొయ్యక్కర్లేదు జేజీ" అని తనే తేల్చింది. ఆ ఊపులో పుట్టి అంటే ఎంత అని అడిగింది. మా జిల్లాలో ధాన్యం బేరంలో పుట్టి అంటే 850 కిలోలు. ఇంట్లో ఐదుగురమూ తూకమెక్కినా 230 దాటమని వాళ్ల నాన్న చెప్తే, మనలాంటి ఇళ్లు నాలుగు కావాలని తేల్చి, పక్కింటి వాళ్లను పిలవడానికి పోబోయింది.

భాగాల పుస్తకాలు పర్వాలేదు గానీ కారం దోసె ముందు దిగదుడుపే. సగం చేసి ఇస్తే ఇద్దరూ "పెద్ద సగం నాకు" అంటారు. ఆ మాటలోనే తప్పుందని పెద్దదానికి ఈ మధ్యే తెలిసింది. ఇప్పుడు అది కోస్తుంది, ఎంచుకునేది చిన్నోడు.

కొనబోయే వాళ్లకు ఒక్క హెచ్చరిక. రాత్రి పడుకునేటప్పుడు చదివే కథను పదే పదే ఆపి ఎన్ని, ఎన్ని అని అడిగితే ఆ పుస్తకాన్ని మంచం కింద దాచేస్తారు. మా పెద్దది ఒకదాన్ని నిజంగానే దాచింది. కథకు ఒక ప్రశ్న, అదీ వాళ్లు ఆగిన చోట.

చిన్నోడు ఈ వారం పదమూడు దాకా వచ్చాడు. దాని తర్వాత నేరుగా పదిహేనే. పద్నాలుగు మీద ఏం కోపమో, అడిగితే "అది వద్దు" అంటాడు.