గిటార్ కేబుళ్లు: ఏళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

ఇంట్లో గిటార్ రికార్డింగ్ మొదలుపెట్టినప్పటి నుంచి రకరకాల కేబుళ్లు వాడాను. కొన్ని రోజూ వాడినా ఇప్పటికీ చెక్కుచెదరలేదు. కొన్ని చూస్తుండగానే గరగరమనడం మొదలుపెట్టాయి. ఇన్నేళ్ల వాడకం మీద గట్టిగా చెప్పగలను: డబ్బు పెట్టాల్సింది గిటార్‌కు నేరుగా తగిలించే కేబుల్ మీద. మిగతాచోట్ల సరైన రకం ఎంచుకుంటే చాలు, ఖరీదైనది అక్కర్లేదు.

మామూలు పాసివ్ పికప్ (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే, బ్యాటరీ అక్కర్లేని భాగం) నుంచి వచ్చే సిగ్నల్ బలహీనంగా ఉంటుంది, ఇంపెడెన్స్ (సిగ్నల్ పారడానికి ఎదురయ్యే అడ్డు) ఎక్కువ. కేబుల్‌కి ఉండే కెపాసిటెన్స్ (చార్జ్‌ని కొంత నిల్వ చేసుకునే గుణం) దానితో కలిసి ట్రెబుల్‌ని, అంటే పైస్థాయి ధ్వనుల్ని, తగ్గిస్తుంది. చాలా గిటార్ కేబుళ్లలో ఇది మీటరుకు 100 పికోఫారడ్‌లు, అటూ ఇటూగా ఉంటుంది. పొడవు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. నా 3 మీటర్ల కేబుల్ తీసి 10 మీటర్లది పెడితే క్లీన్ టోన్‌లో ఆ మెరుపు తగ్గడం స్పష్టంగా వినిపిస్తుంది, డిస్టార్షన్ వేశాక అంతగా తెలియదు. గదిలో కూర్చుని వాయించేవాళ్లకి 3 మీటర్లు హాయిగా సరిపోతాయి. బ్యాటరీతో పనిచేసే ఆక్టివ్ పికప్‌లు ఉంటే ఈ పొడవు గురించి టెన్షన్ పడక్కర్లేదు. గిటార్ తర్వాత మొదటి పెడల్‌లోనే బఫర్ (సిగ్నల్‌కి బలమిచ్చే చిన్న సర్క్యూట్) ఉంటే ఆ పెడల్ తర్వాతి కేబుళ్ల పొడవు గురించి కూడా అంతే. అన్నట్టు, ఇంటర్‌ఫేస్‌లో (గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టెలో) ఇన్‌స్ట్రుమెంట్ బటన్ నొక్కకుండా లైన్ ఇన్‌పుట్‌లో గిటార్ పెడితే ఎంత మంచి కేబుల్ అయినా సౌండ్ డల్‌గానే వస్తుంది.

ఇక మన్నిక సంగతి. నా దగ్గర పాడైనవన్నీ ప్లగ్ దగ్గరే పాడయ్యాయి, మధ్యలో తెగింది ఒక్కటీ లేదు. ప్లగ్‌ని ప్లాస్టిక్‌తో పోతపోసిన కేబుల్ అయితే ఆ ప్లగ్‌ని విప్పడానికి ఉండదు, కోసి వేరేది వేయాల్సిందే. న్యూట్రిక్ కంపెనీ ప్లగ్‌లు మరతో విప్పుకోవచ్చు, లోపల కేబుల్‌ని గట్టిగా పట్టుకునే బిగింపు ఉంటుంది. నేను ఎక్కువగా మెచ్చుకునేది ఇదే. తీగ ఊడితే పది నిమిషాల్లో సోల్డర్ చేసుకోవచ్చు. అప్పుడు ఒకటి జాగ్రత్తగా చూడాలి. చాలా గిటార్ కేబుళ్లలో రాగి షీల్డ్ (బయటి నాయిస్‌ని ఆపే తీగల అల్లిక) కింద నల్లటి పల్చటి పొర ఉంటుంది. కేబుల్ కదిలినప్పుడు వచ్చే చప్పుడు తగ్గించడానికి పెట్టిన ఆ పొర కరెంటును పారనిస్తుంది. దాన్ని వెనక్కి ఒలిచేయకుండా సోల్డర్ చేస్తే మధ్య తీగకి తగిలి సిగ్నల్ లీకై సౌండ్ నీరసపడుతుంది. చూడ్డానికి అది మామూలు ఇన్సులేషన్‌లాగే ఉంటుంది కాబట్టి చాలామంది దాన్ని పట్టించుకోరు.

ఇంటర్‌ఫేస్ నుంచి మానిటర్లకి (రికార్డింగ్ వినే స్పీకర్లకి) మాత్రం బ్యాలెన్స్‌డ్ కేబుళ్లే వాడండి, టీఆర్‌ఎస్ (ప్లగ్‌లో మూడు భాగాలుండేది) గానీ ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నులది) గానీ. ఒకే సిగ్నల్‌ని రెండు తీగల్లో ఎదురెదురు పోలారిటీలో పంపుతారు, దారిలో రెండింటికీ సమానంగా అంటుకున్న నాయిస్ అవతలి చివర రద్దవుతుంది. అడాప్టర్ల పక్కనుంచి పోయే నా కేబుళ్లలో ఈ తేడా బాగా తెలిసింది. అయితే గిటార్ అవుట్‌పుట్ బ్యాలెన్స్‌డ్ కాదు కాబట్టి అక్కడ టీఆర్‌ఎస్ కేబుల్ పెట్టినా ఒరిగేదేమీ లేదు. బంగారు పూత వల్ల సౌండ్ మెరుగవుతుందని నేను అనను. అది తుప్పు పట్టకుండా కాపాడుతుంది, అంతవరకే.

లాప్‌టాప్ చార్జర్ పీకేస్తే హమ్ ఆగిపోతోందా? అయితే తప్పు కేబుల్‌ది కాదు, చార్జర్ వైపుదో గ్రౌండ్ లూప్‌దో (రెండు పరికరాలు వేర్వేరు దారుల్లో ఎర్త్ కావడం వల్ల వచ్చే సమస్య). కొత్త కేబుల్ కొన్నా అది పోదు.

ఆంప్ హెడ్ (ఆంప్లిఫయర్ పెట్టె), క్యాబినెట్ (స్పీకర్ పెట్టె) విడివిడిగా ఉన్నవాళ్లు ఇంకొకటి తప్పనిసరిగా పాటించాలి. ఆ రెండింటి మధ్య షీల్డ్ లేని, లావు తీగల స్పీకర్ కేబులే ఉండాలి. గిటార్ కేబుల్ పెడితే లోపలి సన్నటి తీగ వేడెక్కి కేబుల్‌తో పాటు ఆంప్ కూడా దెబ్బతినొచ్చు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, ప్లగ్‌లు కూడా అవే 6.35 మిల్లీమీటర్లవి. అందుకే నా స్పీకర్ కేబుల్ రెండు కొసలకీ ఎర్ర టేపు చుట్టి, మిగతావాటికి దూరంగా వేరే కొక్కేనికి తగిలిస్తాను.